పురుగుమందులును రైతుల దేహారోగ్యమును

1922లో పూర్తియైన పోచారము జలాశయపు నీటితో ఎల్లారెడ్డి ప్రాంతమున వరియు, బావుల క్రింద కామారెడ్డి ప్రాంతమున వరి, మొక్కజొన్న, చెఱకును పండుచున్నవి. ఈ పైరులపై చల్లు విషము పురుగుకంటె ముందు చల్లువాని చర్మమును, ఊపిరిని తాకును.

మోనోక్రోటోఫాస్ వంటి మందులు నరముల పనిని చెఱచును. మిక్కిలి చెమట పట్టుట, నోట నీరూరుట, చూపు మసకబాఱుట, ఊపిరాడకుండుట దీని గుర్తులు. ఈ మందును కూరగాయలపై వాడుట 2005లో నిషేధింపబడినది.

విషము వరిలోని సాలెపురుగులను గూడ చంపును. సుడిదోమను తినునవి అవియే. అవి నశించినచో దోమ మరల హెచ్చును. రైతు మరల మందు కొనవలసివచ్చును.

కావున ముందుగా ప్రతిమడిలో పైరు మొదళ్లను పరీక్షింపవలయును. పురుగు తొలిదశలో నున్నప్పుడు 5 కిలోల వేపగింజల పప్పు పొడిని 10 లీటర్ల నీట రాత్రియంతయు నానబెట్టి వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్లగునట్లు నీరు చేర్చి, సాయంకాలమున చల్లవలయును. ఎండకు దీని గుణము తగ్గును.

విషమందు తప్పనిసరియైనచో ఎదురుగాలికి చల్లరాదు. ముక్కు, నోరు, చేతులు కప్పుకొనవలయును. ఖాళీసీసాను ఇంటి పనులకు వాడరాదు. పై గుర్తులు కన్పట్టినచో వెంటనే బట్టలు విడిపించి, ఒడలు సబ్బుతో కడిగి, మందుసీసాపై చీటితో సహా రోగిని ఆసుపత్రికి కొనిపోవలయును. వైద్యుడు ఆ చీటిని చూచియే తగిన విరుగుడు నియ్యగలడు.