గడియారం మారిన రోజున పొగ అలారం

ప్రశ్న: అమెరికాలో నవంబరులో గడియారం వెనక్కి తిప్పినప్పుడే పొగ అలారం బ్యాటరీ మార్చాలంటారు. రెంటికీ సంబంధమేమిటి?

జవాబు: సంబంధం మన మతిమరుపుతోనే. గడియారం మార్చని అరిజోనాలోనూ బ్యాటరీ అయిపోతుంది. 2007 నుంచి నవంబరు మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక 2 గంటలు కాస్తా 1 అవుతోంది. ఆ తేదీ మనకొక గుర్తు, అంతే. ఫోన్లు వాటంతటవే మారిపోతాయి కదా అంటారా? గోడ గడియారానికి మీ చెయ్యే దిక్కు. దానికోసం తెచ్చిన స్టూలే అలారం దగ్గరికి జరిపి మీట నొక్కి చూడండి. పదేళ్ల సీల్డ్ బ్యాటరీ అయితే మార్చే పని లేదు గానీ, ఆ పరీక్ష నెలనెలా తప్పదు. వెనక ముద్రించిన తయారీ తేదీకి పదేళ్లు దాటితే అలారాన్నే మార్చాలి. ఇక పోపు పెట్టినప్పుడల్లా కూస్తోందని బ్యాటరీ ఊడదీసి సొరుగులో పడేయడం, మన ఇళ్లలో మామూలే అయినా, ఒప్పుకోలేను. పొయ్యికి కనీసం పదడుగుల దూరంలో ఫోటోఎలక్ట్రిక్ రకం బిగిస్తే ఆ గోల చాలావరకు తగ్గుతుంది.