పారితోషికము వలదన్న పంతులుగారు

పరీక్షా ఫలితములు వెలువడిన మరునాటినుండి మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు తరచుగా అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ చదువునకు ఎంత జీతము వచ్చును?" బియ్యపు ధర తెలిసినవారెవ్వరును ఈ ప్రశ్నను ఆక్షేపింపరు. కాని తమ బిడ్డ మనసు ఏ పనియందు నిలుచునని అడుగువారు అరుదు. అట్లు మనసు నిలిచిన పనినే జీవితముగా చేసికొన్న ఉపాధ్యాయుడొకరు మన ఒడిశాలోని పర్లాకిమిడిలోనే యుండిరి.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళము సమీపమున పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో 30 రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. పాఠము చెప్పి ఇంటికి పోయిన చాలును, ఎవరును తప్పుపట్టరు. కాని ఆ చుట్టుపట్ల కొండలలోని సవరల భాష నేర్వవలెనని వారికి పట్టుదల కలిగెను. సవరయు తెలుగును వచ్చిన ఒకనిని తమ యింటనే ఉంచుకొని నేర్చుకొనిరి. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడి పెట్టిరి. వారి భాషలో పుస్తకములు వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వమువారు మెచ్చి పారితోషికమీయబోగా, తమకు వలదనియు, ఆ ధనముతో సవరలకు మంచి బడి పెట్టుడనియు కోరిరి.

కొండసీమలలో తిరుగుటచే మలేరియా సోకెను. దానికి వాడిన క్వినైను వలన వచ్చిన చెవుడు జీవితాంతము విడువలేదు. చెవితో విని పట్టుకొనవలసిన భాషను నేర్చువానికి చెవియే పోవుట ఎట్టి నష్టమో ఊహింపుడు! అయినను పని ఆగలేదు. అరువదియేండ్లు దాటిన పిమ్మట, 1931లో, వారి సవర వ్యాకరణ గ్రంథము అచ్చయ్యెను. ఆ పిదప నిఘంటువును వెలువడెను.

తెలుగువారు ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా తలతురు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినముగా జరుపుకొనుచున్నాము. (అట్టివారిని గూర్చి ఈ పాతబాణీ భాషలో వ్రాయుచున్నందుకు పాఠకులు నవ్వుకొనవచ్చును.)

పేదరికమే గొప్పయని నేననుట లేదు. ఆయనయు జీతము పుచ్చుకొనిరి, సంసారము నడపిరి. అయితే వారు తమ బ్రదుకును జీతపు అంకెతో కొలుచుకొనలేదు. మనలో కొందరు బంధువుల యెదుట, బిడ్డ తెలుగు మాధ్యమమున చదువుచున్నాడని చెప్పుటకు జంకుచున్నారు. బిడ్డ ఆ జంకును చూచుచునేయున్నాడు. తన యింటిమాట దాచవలసినదని నేర్చుకొనుచున్నాడు. పంతులుగారు తమది కాని భాషకొరకు చెవులు పోగొట్టుకొనిరి.

రాబోవు సమావేశమునకు వచ్చునప్పుడు మార్కుల పట్టికతోపాటు ఇంకొక సంగతి కూడ తెచ్చి తరగతి ఉపాధ్యాయునకు తెలుపుడు: ఎవరును చెప్పకయే మీ బిడ్డ గంటల తరబడి కూర్చుండి చేయు పని ఏది? పాత సైకిలు విప్పి బిగించుటయైనను, ముగ్గులైనను, నాయనమ్మ చెప్పు సామెతలను నోటుపుస్తకమున వ్రాసికొనుటయైనను సరే.