బైక్ మెకానిక్‌కు 5 వోల్టుల పరీక్ష

“అన్నా, బండి స్పీడ్‌లో బాగానే పోతోంది. ట్రాఫిక్‌లో మెల్లగా రేజ్ ఇస్తే మాత్రం తన్నుతోంది.” టూవీలర్ షెడ్లకు ఈ ఫిర్యాదు కొత్తేమీ కాదు. కొత్తదల్లా జవాబు వెతకాల్సిన చోటు. ఒకప్పుడైతే కార్బొరేటర్ విప్పి, జెట్లు ఊది, స్క్రూ అరచుట్టు తిప్పి, ఇంజిన్ చప్పుడు విని సరిచేసేవారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్–6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బండ్లలో దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షనే. 2023 ఏప్రిల్‌లో ఆ నిబంధనల రెండో దశ మొదలై, బండి తన సెన్సర్లను తానే కనిపెట్టుకోవడం ఇంకా కట్టుదిట్టమైంది.

తొలినాళ్ల బీఎస్–6 బండ్లు వారంటీ దాటి ఇప్పుడు వీధి చివరి షెడ్లకు చేరుతున్నాయి. ఐటీఐ కుర్రాళ్లకు అవకాశం ఉన్నది ఇక్కడే.

ఆ పని ఎలాంటిదో తెలియాలంటే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ను చూస్తే చాలు. థ్రాటిల్ బాడీకి పక్కన బిగించి ఉండే, అగ్గిపెట్టెకన్నా చిన్న వస్తువు. షెడ్డు భాషలో టీపీఎస్. రైడర్ యాక్సిలేటర్ ఎంత తిప్పాడో బండిలోని కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు చెప్పడం దీని ఉద్యోగం. సాధారణ రకానికి మూడు వైర్లుంటాయి: 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్. యాక్సిలేటర్ వదిలేస్తే సిగ్నల్ సుమారు అర వోల్టు, పూర్తిగా తిప్పితే నాలుగు దాటుతుంది. కచ్చితమైన అంకె మోడల్‌ను బట్టి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. లోపల సన్నని కార్బన్ ట్రాక్ మీద ఒక కాంటాక్ట్ జరుగుతూ ఉంటుంది. ఊళ్లో తిరిగే బండికి యాక్సిలేటర్ ఎక్కువసేపు కొద్దిగానే తిరిగి ఉంటుంది కాబట్టి ట్రాక్ కూడా ఆ చోటే ముందు అరుగుతుంది. మెల్లగా రేజ్ ఇచ్చినప్పుడే బండి తన్నడానికి ఇదో కారణం.

అసలు చిక్కు స్కానర్ తగిలించాక మొదలవుతుంది. తెర మీద పీ0122 అని కోడ్ వస్తుంది. చాలామంది వెంటనే “టీపీఎస్ పోయింది” అని తేల్చేస్తారు. ఆ కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో వోల్టేజ్ తక్కువగా ఉందని మాత్రమే. సప్లై వైరు తెగినా అదే కోడ్ రావచ్చు. ఎర్త్ వైరు తెగితే సిగ్నల్ ఉల్టా పైకెగిరి పీ0123 కనిపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ నిక్షేపంగా ఉండొచ్చు. చాలా మోడళ్లకు టీపీఎస్ విడిగా దొరకదు, థ్రాటిల్ బాడీ మొత్తం కొనాలి. పొరపాటు అంచనాకు కస్టమర్ వేలల్లో చెల్లిస్తాడు, మళ్లీ ఆ షెడ్డు ముఖం చూడడు.

తెలిసినవాడి వరుస వేరు. ముందు బ్యాటరీ చూస్తాడు. తర్వాత సెన్సర్ వైర్ల కప్లర్ ఊడదీసి పచ్చగా తుప్పు పట్టిందా, నీళ్లు చేరాయా అని చూస్తాడు. వాటర్ జెట్‌తో కడిగించిన మర్నాడే వచ్చే బండ్లలో జబ్బు తరచూ అక్కడే ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెడితే పని అయిపోవచ్చు. అప్పటికీ తగ్గకపోతే ఇగ్నిషన్ ఆన్ చేసి 5 వోల్టులు వస్తున్నాయో లేదో కొలుస్తాడు. అవి ఉంటే కప్లర్ తగిలించి, వెనకనుంచి సన్నని ప్రోబ్ పెట్టి, యాక్సిలేటర్‌ను నెమ్మదిగా తిప్పుతూ సిగ్నల్ చూస్తాడు. అంకె మెట్టు తప్పకుండా పెరగాలి. మధ్యలో ఒక్కసారి పడిపోయి లేచిందంటే అరిగిన చోటు దొరికినట్టే. ఈ పరీక్షకు పాత ముల్లు మీటరే మేలు. డిజిటల్ మీటర్ అంకె మార్చేలోపు ఆ తగ్గుదల దాటిపోతుంది.

చేయకూడనివీ ఉన్నాయి. కంపెనీ గుర్తు పెట్టి బిగించిన సెన్సర్ స్క్రూలు, థ్రాటిల్ స్టాప్ స్క్రూ ఊరికే కదపకూడదు. కదిపితే ‘మూసి ఉంది’ అనే లెక్కే తప్పుతుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను సెన్సర్ మీద కొట్టకూడదు. కొత్తది వేశాక రీసెట్ పద్ధతి మోడల్‌కొకటి, మాన్యువల్ తెరవాల్సిందే.

ఈ పని నేర్చుకోవడానికి పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో రెండేళ్ల ‘మెకానిక్ మోటార్ వెహికల్’ ట్రేడ్ ఉంది. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ప్రమాణాలతో టూవీలర్ సర్వీస్ టెక్నీషియన్ శిక్షణా ఉంది. తర్వాత అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని డీలర్ వర్క్‌షాపుల్లో స్టైపెండ్‌తో చేరవచ్చు. చేరేముందు వైరింగ్ పని నేర్పుతారా, ఆయిల్ మార్పులతోనే సరిపెడతారా అని అడగడం మంచిది. సొంతంగా కొనాల్సినవాటిలో స్కానర్‌కన్నా ముందు మల్టీమీటర్ ఉండాలి. దాని ధర వందల్లోనే.

ఎలక్ట్రిక్ స్కూటర్లు వస్తే ఈ విద్య పాతబడుతుందని కొందరి భయం. వాటి యాక్సిలేటర్‌లో సాధారణంగా ఉండేది హాల్ సెన్సర్. కార్బన్ ట్రాక్ బదులు అయస్కాంతం ఉంటుంది, అరుగుదల ఉండదు. కొలిచేది మాత్రం అదే: సప్లై, ఎర్త్, సిగ్నల్.