టర్బోఛార్జరు గల వాహనాలకు పొగగొట్టం, సైలెన్సరు: ఎంపిక విధానం

ఇంజను విడిచిన వాయువును బయటికి పంపడమే పొగగొట్టం పని అనీ, ఆ శబ్దాన్ని అణచడమే సైలెన్సరు పని అనీ సామాన్యంగా భావిస్తారు. ఇంజనుకు టర్బోఛార్జరు అమర్చినప్పుడు ఈ రెండింటికీ ఇంకొక బాధ్యత ఏర్పడుతుంది. వాటి కొలతలలోని లోపం ఇంజను శక్తిని, ఇంధన వ్యయాన్ని, టర్బో ఆయుష్షును బాధిస్తుంది. మోటారు వృత్తిని చేపట్టదలచిన విద్యార్థులకు ఉపయోగపడునట్లు ఈ విషయాన్ని ఒక లెక్క ద్వారా వివరించ యత్నిస్తాము.

టర్బోఛార్జరు తత్త్వం

స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ సాధనానికి పేటెంటు పొందాడు. ఇంజను నుంచి వెలువడే వేడి వాయువు ఒక టర్బైను చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న కంప్రెసరు చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. గాలి ఎక్కువైనందువలన ఎక్కువ ఇంధనం దహనమై, అదే పరిమాణం గల ఇంజను అధిక శక్తినిస్తుంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్ కార్లకు టర్బో అమర్చారు. నేడు లారీలు, బస్సులు, డీజిలు కార్లు దాదాపు అన్నింటిలో అది కలదు.

ఎదురు పీడనం ఎందుకు రెట్టింపగును?

టర్బైను చేయు పని దాని ముందరి, వెనుకటి పీడనాల నిష్పత్తిపై ఆధారపడుతుంది. ఇదే ఈ విషయమంతటికీ మూలసూత్రం. టర్బైనుకు ముందు పీడనం 2.20 బార్, వెనుక 1.05 బార్ ఉన్నదనుకొందాము. నిష్పత్తి సుమారు 2.1. ఇరుకైన గొట్టం వలన వెనుకటి పీడనం 1.20 బార్‌కు పెరిగితే నిష్పత్తి 1.83కు తగ్గుతుంది; కంప్రెసరు ఒత్తిడి పడిపోతుంది. మునుపటి ఒత్తిడి నిలుపుకోవాలంటే టర్బైను ముందరి పీడనం 2.51 బార్‌కు పెరగవలసి ఉన్నది. అనగా వెనుక పెరిగినది 0.15 బార్ మాత్రమే అయినను, పిస్టను అదనంగా 0.31 బార్‌ను ఎదిరించవలసి వస్తుంది.

కొంత ఎదురు పీడనం ఇంజనుకు మంచిదని షెడ్డులలో ఒక నానుడి కలదు. టర్బో లేని ఇంజనులో గొట్టం పొడవు, వ్యాసం పీడన తరంగాల రాకపోకలను ప్రభావితం చేస్తాయి. మితిమీరిన వెడల్పు అక్కడ నష్టం కలిగించవచ్చును. అక్కడ కూడా మేలు చేయునది తరంగాల పొందికయే గాని ఎదురు పీడనం కాదు. టర్బైను దాటిన పిమ్మట ఆ తరంగాల బలం చాలవరకు సన్నగిల్లుతుంది. కావున టర్బో వెనుకటి గొట్టానికి ఆ నానుడి వర్తించదు.

గొట్టం వ్యాసం: ఒక లెక్క

6 సిలిండర్లు, 6 లీటర్ల సామర్థ్యం, నిమిషానికి 2400 చుట్లు గల నాలుగు స్ట్రోకుల డీజిలు ఇంజనును తీసుకొందాము. ప్రతి రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లు నిండుతాయి. నింపుదల సామర్థ్యం 0.9 అనుకొంటే నిమిషానికి లోనికి వచ్చు గాలి 6.48 ఘనమీటర్లు. ఆ గాలి 2 బార్ పీడనం, 50 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద ఉన్నచో దాని ద్రవ్యరాశి సుమారు 14 కిలోగ్రాములు. ఇంధనంతో కలిపి బయటికి పోవునది 14.5 కిలోగ్రాములు. టర్బైను దాటిన తరువాత 450 డిగ్రీల వద్ద ఆ వాయువు సాంద్రత ఘనమీటరుకు సుమారు అర కిలోగ్రాము మాత్రమే. కాబట్టి సెకనుకు 0.48 ఘనమీటర్ల వాయువు గొట్టంలో ప్రవహిస్తుంది. లోనికి వచ్చిన గాలి పరిమాణానికి ఇది నాలుగు రెట్ల పైచిలుకు.

4 మీటర్ల పొడవు, మూడు నున్నని వంపులు గల గొట్టంలో, సైలెన్సరును మినహాయించి, మేము లెక్కించిన ఫలితాలు ఇవి:

75 మి.మీ. లోపలి వ్యాసం: వేగం సెకనుకు 109 మీటర్లు, పీడన నష్టం 7.5 కిలోపాస్కల్.
90 మి.మీ.: వేగం 76 మీటర్లు, నష్టం 3.3 కిలోపాస్కల్.
100 మి.మీ.: వేగం 61 మీటర్లు, నష్టం 2.1 కిలోపాస్కల్.
125 మి.మీ.: వేగం 39 మీటర్లు, నష్టం 0.8 కిలోపాస్కల్.

వంపులలోని నష్టం వ్యాసపు నాలుగవ ఘాతానికి, గోడల ఘర్షణ నష్టం సుమారు అయిదవ ఘాతానికి విలోమంగా మారుతుంది. అందుచేతనే 75 నుంచి 100కు పోయినప్పుడు 5.4 కిలోపాస్కల్ ఆదా అయినది. 100 నుంచి 125కు పోయినప్పుడు లభించినది 1.3 మాత్రమే. అటుపైన బరువు, ఖర్చు, ఛాసిస్ కింద చోటు చాలకపోవడం అనే ఇబ్బందులే మిగులుతాయి. కనుక ఈ ఇంజనుకు 100 మి.మీ. గొట్టం సముచితం. అన్నింటికంటె పెద్దది కాక, తగినంత పెద్దది కావాలన్నదే నియమం.

అమరికలో మెలకువలు

వాయువు టర్బైను నుంచి సుడులు తిరుగుతూ వెలువడుతుంది. అందువలన మొదటి అర మీటరు ఎట్టి ఇరుకూ లేకుండా, క్రమంగా వెడల్పగు శంకువు వలె ఉండవలెను. గొట్టాన్ని కోసి, మూల తిప్పి అతికిన 90 డిగ్రీల వంపులో కలిగే నష్టం నున్నని వంపులో కలిగేదానికి రెండింతలకు మించుతుంది. గొట్టం బరువు టర్బోపై పడకుండా మధ్య ఒక మెత్తని ముడతల గొట్టాన్ని ఉంచి, మిగిలిన భారాన్ని ఛాసిస్‌కు తగిలించాలి.

సైలెన్సరు ఎంపిక

సైలెన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది పరావర్తన రకం. సన్నని గొట్టం హఠాత్తుగా వెడల్పైన గదిలోకి తెరచుకొన్నప్పుడు ధ్వని తరంగం కొంత వెనుకకు మరలుతుంది. అమెరికాలోని నాకా సంస్థ 1954లో ప్రచురించిన నివేదిక ఈ సూత్రాలను ప్రయోగాలతో పరీక్షించినది. మన దేశంలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు ఎం. ఎల్. ముంజల్ 1987లో ఈ శాస్త్రంపై ప్రామాణిక గ్రంథం వెలువరించారు.

మన ఇంజనులో సెకనుకు 40 చుట్లు, చుట్టుకు 3 విస్ఫోటనాలు. కాబట్టి ముఖ్య పౌనఃపున్యం 120 హెర్ట్జ్. 400 డిగ్రీల వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు 520 మీటర్లు. గది పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు, అనగా 1.08 మీటర్లు ఉన్నచో అణచివేత గరిష్ఠం. గొట్టం 100 మి.మీ., గది 300 మి.మీ. వ్యాసం గలవైతే వైశాల్యాల నిష్పత్తి 9. అణచివేత 13 డెసిబెల్స్. ధ్వనిశక్తిలో సుమారు ఇరవయ్యవ వంతు మాత్రమే ముందుకు పోతుందన్నమాట. అయితే ఈ గది 76 లీటర్లు, ఇంజను సామర్థ్యానికి పన్నెండు రెట్లకు పైన. లారీ సైలెన్సరు ఎందుకంత పెద్దదో దీనివలన బోధపడుతుంది. ఇదే గది 240 హెర్ట్జ్ ధ్వనిని అణచకుండా విడిచిపెడుతుంది. కనుకనే వేర్వేరు పొడవులు గల గదులను ఒకే డబ్బాలో అమరుస్తారు.

రెండవది శోషణ రకం. రంధ్రాలు గల తిన్నని గొట్టం చుట్టూ గాజునూలు వంటి పీచు నింపుతారు. పీడన నష్టం అత్యల్పం. టర్బో ఈలవంటి హెచ్చు పౌనఃపున్యాలను ఇది చక్కగా మింగుతుంది. విస్ఫోటనపు గంభీర ధ్వనిని అంతగా అణచలేదు. టర్బైను స్వయంగా కొంత శబ్దాన్ని తగ్గించినను 120 హెర్ట్జ్ ధ్వని పూర్తిగా పోదు. అందువలన భారీ వాహనానికి రెండు రకాల గుణాలు కలిసిన సైలెన్సరే శ్రేష్ఠం.

సైలెన్సరు తీసివేసిన లాభమెంత?

అనేక పాత తరహా టర్బో డీజిలు ఇంజన్లకు నిర్మాతలు అనుమతించిన మొత్తం ఎదురు పీడనం సుమారు 10 కిలోపాస్కల్. సైలెన్సరు వాటా 5 అనుకొందాము. 100 మి.మీ. గొట్టంతో మొత్తం 7.1; హద్దులోనే ఉన్నది. 75 మి.మీ. గొట్టంతో 12.5, హద్దు దాటినది. ఇప్పుడు 100 మి.మీ. గొట్టం నుంచి సైలెన్సరు తీసివేస్తే 5 కిలోపాస్కల్, అనగా 0.05 బార్ తగ్గుతుంది. మూలసూత్రం ప్రకారం పిస్టను వద్ద అది 0.1 బార్. ఇట్టి ఇంజను పూర్తి భారం మీద ఇచ్చు సగటు ప్రభావ పీడనం సుమారు 12 బార్. లాభం నూటికి ఒక పాలైనా కాదు! ఆ స్వల్ప లాభానికై ధ్వనిని ఇరవై రెట్లు పెంచి బడిపిల్లలను, రోగులను, డ్రైవరు చెవులను బాధించడం ఏ శాస్త్రమూ సమర్థించదు.

చట్టం కూడా ఇదే చెబుతున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 120వ నియమం సైలెన్సరును తప్పనిసరి చేసినది. 2000 నాటి శబ్దకాలుష్య నియమావళి ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చును. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్ 6 ప్రమాణాల డీజిలు వాహనాలలో మసిని పట్టు వడపోత కూడా గొట్టంలో భాగం. దానిని తొలగించడం గాని, నిర్మాత కొలతలను మార్చడం గాని తగదు.

కొలిచి చూచుట

అనుమానం కలిగినప్పుడు ఊహించనక్కరలేదు. టర్బో వెనుక తిన్నని భాగంలో చిన్న రంధ్రం చేసి, వేడి తగ్గుటకు పొడవైన రాగి గొట్టం కలిపి, నీరు నింపిన యు ఆకారపు గాజు గొట్టానికి జతచేయాలి. పూర్తి భారం, పూర్తి వేగం మీద నీటి మట్టాల తేడా సుమారు ఒక మీటరు ఉంటే అది 10 కిలోపాస్కల్. అంతకు మించినచో నొక్కుకుపోయిన గొట్టాన్ని, ఇరుకు వంపును, మసి పేరిన సైలెన్సరును వెదకి బాగుచేయవలెను. శక్తిని కోరువారు గొట్టాన్ని సరిచేసుకోవాలి, సైలెన్సరును ఉండనివ్వాలి. మంచి మెకానిక్కు పనితనం వాహనం చేయు రొదలో కాదు, అది తక్కువ ఇంధనంతో నెమ్మదిగా సాగిపోవడంలో తెలుస్తుంది.