ఎండలో వచ్చే వరద లెక్క తెలుసా? హైడ్రాలజీలో కెరీర్

వర్షాకాలంలో మండవల్లి వైపు ఒక్కోసారి వాన తెరిపిచ్చి ఎండ కాస్తుంది. అయినా చేపల చెరువుల గట్ల పక్కన నీరు పెరుగుతూనే ఉంటుంది. అది ఇక్కడ కురిసిన నీరు కాదు. మైలవరం కొండల నుంచి బుడమేరూ, ఏలూరు మీదుగా తమ్మిలేరూ కొల్లేరు సరస్సులోకి మోసుకొచ్చిన నీరు. అది సముద్రానికి చేరాలంటే ఉన్న దారి ఉప్పుటేరు. ఎక్కడో పడ్డ వాన ఎంతసేపటికి, ఎంత వరదగా మన ఊరు చేరుతుందో లెక్కగట్టే శాస్త్రమే హైడ్రాలజీ. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తింది. ఈ లెక్క తెలిసినవాళ్ల అవసరం ఎంతుందో అప్పుడు అందరం చూశాం.

నేలను చదవడమే అసలు చదువు

ఒక వాగులోకి నీరు చేర్చే భూమి మొత్తాన్ని దాని పరీవాహక ప్రాంతం, అంటే వాటర్‌షెడ్ అంటారు. దాని వైశాల్యం, ఆకారం, వాలు చూడగానే వరద తీరు కొంత అర్థమవుతుంది. విసనకర్రలా విచ్చుకుని ఉంటే పాయలన్నీ దాదాపు ఒకేసారి కలిసి వరద ఉధృతంగా వస్తుంది. కోలగా సాగి ఉంటే నీరు విడతలుగా చేరుతుంది.

ఆ తర్వాత చూడాల్సింది నేల. మన నల్లరేగడి వేసవిలో నెర్రెలిస్తుంది. తొలకరి నీళ్లు ఆ నెర్రెల్లోకి దిగిపోతాయి. తడిసి ఉబ్బాక నెర్రెలు పూడుకుపోతాయి. ఆపై పడ్డ వానలో ఎక్కువ భాగం పారిపోతుంది. చేను అదే, వాన అంతే. అయినా జూన్‌లో ఒక లెక్క, సెప్టెంబరులో మరో లెక్క.

చిన్న ఉదాహరణ చూడండి. 10 హెక్టార్లలో గంటకు 36 మి.మీ. చొప్పున వాన పడుతోంది. పారుదల గుణకం, అంటే పడ్డ వానలో పారిపోయే వాటా, 0.6 అనుకుంటే, రేషనల్ సూత్రం ప్రకారం 0.6×36×10÷360 = సెకనుకు 0.6 ఘనపు మీటర్లు. గుణకం 0.3 అయితే ప్రవాహం సగమే. కట్టే తూము సైజు దీన్నిబట్టే మారుతుంది. గుణించడం ఎవరైనా చేస్తారు. గుణకం ఎంత తీసుకోవాలో నేల తెలిసినవాళ్లే చెప్పగలరు.

ఏం చదవాలి?

పది తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమా సివిల్‌లో చేరొచ్చు. ఇంటర్ ఎంపీసీ వాళ్లకు ఈఏపీసెట్‌తో బీటెక్ సివిల్ ఉంది, బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకు ఉంటే తాడేపల్లిగూడెంలోనే నిట్ ఉంది. గేట్ రాస్తే వరంగల్ నిట్‌లో జలవనరుల ఎంటెక్‌కు, రూర్కీ ఐఐటీలో హైడ్రాలజీకి వెళ్లొచ్చు. జియాలజీ పీజీ చేసినవాళ్లకు భూగర్భజలాల వైపు దారి ఉంది.

కొలువులు ఎక్కడ?

జలవనరుల శాఖలో ఏఈఈ పోస్టులను ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. కేంద్ర జల సంఘంలో జూనియర్ ఇంజనీర్ కావాలంటే ఎస్‌ఎస్‌సీ జేఈ, పై హోదాకు యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ రాయాలి. కేంద్ర భూగర్భ జల మండలికి కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. పరిశోధన మీద మనసుంటే రూర్కీలోని జాతీయ జలవిజ్ఞాన సంస్థ ఉంది, దాని డెల్టా ప్రాంతీయ కేంద్రం మన కాకినాడలోనే ఉంది. వాటర్‌షెడ్ పథకాలు, స్వచ్ఛంద సంస్థలు, కన్సల్టెన్సీల్లోనూ పని దొరుకుతుంది. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మేలు.

ఈ వారమే మొదలుపెట్టండి

రెండు వైపులా తెరిచిన రేకు డబ్బాను చేలో నాలుగు వేళ్ల లోతు దిగ్గొట్టండి. నీళ్లు పోసి, ఐదు నిమిషాలకోసారి ఎంత ఇంకిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. బండ్లు తిరిగే డొంకలోనూ అదే చేయండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో మీ మాటల్లో రాయండి. తొలకరికి ముందొకసారి, ముసురు పట్టాక మరోసారి కొలవండి. ఏడాది తిరిగేసరికి ఆ నోట్‌బుక్‌లో మీ ఊరి నేల మీకు చెప్పిన పాఠం ఉంటుంది. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా దాన్ని వెంట తీసుకెళ్లండి.