మూడు తాళముల పెట్టె

పఠన భాగములు: ఎజ్రా 8:21–34, 2 రాజులు 12:9–15, 2 కొరింథీయులకు 8:18–21.



మన గ్రామములలో నాలుగు రూపాయలు వెనుక వేసుకొనువారు వాటిని ఎక్కడ దాచుదురో మనకు తెలియును. కొందరు బియ్యపు కుండ అడుగున దాచుదురు; కొందరు చూరులో దోపుదురు. అయితే ఎక్కువమంది నమ్మకమైన మనిషి చేతిలో పెట్టుదురు. "ఆయన దగ్గర ఉంటే బ్యాంకులో ఉన్నట్టే" అను మాట మనము తరచు వినుచుందుము. ఆ మాటలో మెచ్చుకోదగిన విశ్వాసమున్నది, భయపడవలసిన సంగతియు ఉన్నది. ఈ రెంటిని వేరుచేసి చూచుటకు, నూరేండ్లకు మించిన క్రిందట బ్రిటను దేశములో రెండు చోట్ల జరిగిన సంగతులను ఈ పాఠములో ధ్యానింతము.

1. ఒక కాపరి తెరచిన బ్యాంకు

స్కాట్లాండు దక్షిణ భాగమున రూత్‌వెల్ అను చిన్న గ్రామము కలదు. అక్కడి సంఘ కాపరి హెన్రీ డంకన్. ఆయన సంఘస్థులలో చాలామంది కూలివారు, చిన్న రైతులు. ఆ దినములలో బ్యాంకులు 10 పౌండ్లకు తక్కువైన సొమ్మును తీసికొనెడివి కావు. బీదవాని చేతికి 10 పౌండ్లు ఒక్కసారి ఎక్కడనుండి వచ్చును? కావున చిక్కిన చిల్లర చిక్కినట్టే ఖర్చగుచుండెను. జబ్బు చేసిన యెడలను, పని దొరకని యెడలను చెయ్యి చాపక తప్పకుండెను.

డంకన్ 1810లో ఆ గ్రామమందే ఒక పొదుపు బ్యాంకు తెరచెను. ఆరు పెన్నీలు, అనగా అర షిల్లింగు, తెచ్చినవాని పేరట కూడ ఖాతా వ్రాసిరి. మొదటి సంవత్సరాంతమునకు చేరినది 151 పౌండ్లు. ధనికుని కంటికి అది చిన్న మొత్తమే. కూలివారి అర షిల్లింగులతో కూడినదని తలంచినప్పుడు అది పెద్దదే.

ఆ బ్యాంకు సొమ్ము ఉంచిన పెట్టెకు మూడు తాళములు ఉండెను. తాళపు చెవులు ముగ్గురి యొద్ద ఉండెను. ముగ్గురు కూడితేనే గాని పెట్టె తెరువబడదు. ఊరంతయు గౌరవించు కాపరియే దానిని స్థాపించెను గదా, ఒక్క తాళము చాలదా? చాలదు. తాళములు దొంగల కొరకు మాత్రమే గాదు. మంచివారు మంచివారుగా నిలిచియుండుటకును అవి అవసరమే.

2. బీదల సొమ్ముకు జవాబుదారి ఎవరు?

ఈ పద్ధతి త్వరలోనే బ్రిటను అంతటను వ్యాపించెను. 1817లో ఇంగ్లండులో ఈ బ్యాంకుల కొరకు ఒక చట్టము కలిగెను. బ్యాంకులో చేరిన సొమ్మును ప్రభుత్వ ఋణ కమిషనర్లకు పంపవలెను. అచ్చట వడ్డీ దొరకును. ప్రతి బ్యాంకుకు ఊరి పెద్దలు, గురువులు, వర్తకులు ట్రస్టీలుగా ఉందురు. వారు జీతము గాని లాభము గాని తీసికొనరాదు. ఏర్పాటు బాగుగానే కనబడినది.

అయితే అందులో ఒక కన్నము మిగిలినది. కమిషనర్లకు చేరిన సొమ్ముకే ప్రభుత్వము జవాబుదారి. కూలివాడు బ్యాంకు ఉద్యోగి చేతిలో పెట్టిన సొమ్ము కమిషనర్ల వరకు చేరకపోయిన యెడల ఎవరు జవాబుదారి? పెద్దల పేర్లు కాగితముపై ఉండెను గాని, దినదినపు లెక్క ఒక్క ఉద్యోగి చేతిలోనే తరచుగా ఉండెను. పైగా 1844 నాటి చట్టము ట్రస్టీల బాధ్యతను మిక్కిలి కుదించెను. ఈ సంగతి డిపాజిటుదారులలో అనేకులకు తెలియదు. ప్రభుత్వము వెనుక ఉన్నదనియు, ఊరి పెద్దలు ముందు ఉన్నారనియు తలంచి వారు నిశ్చింతగా నిద్రించిరి.

1848లో ఐర్లాండు దేశపు ట్రాలీ, కిల్లార్నీ పట్టణముల పొదుపు బ్యాంకులు ఈ కన్నము వలననే కూలిపోయెను. అది కరవు కాలము. బంగాళాదుంప పంట చెడి జనులు ఆకలితో చచ్చుచున్న దినములు.

3. రాచ్‌డేల్ పట్టణములో రెండు సంగతులు

ఆ దినములలో ఇంగ్లండులోని లాంకషైరు జిల్లాలో రాచ్‌డేల్ అను మిల్లుల పట్టణము ఉండెను. ఉన్ని బట్టలు, నూలు బట్టలు నేయువారు అక్కడ ఎక్కువగా ఉండిరి. అక్కడి పొదుపు బ్యాంకు లెక్కలు చూచు ఉద్యోగి జార్జి హావర్తు. ఆయన 1849లో మరణించెను. మరణానంతరము పుస్తకములు విప్పి చూడగా 70 వేల పౌండ్లకు మించిన సొమ్ము కనబడలేదు. నేతగాండ్రు, పనికత్తెలు, విధవరాండ్రు పెన్నీ పెన్నీ కూడబెట్టినది అందులో ఉండెను. పాస్ పుస్తకము చేతిలో ఉన్నది. అందులోని అంకె సరిగానే ఉన్నది. అంకెకు తగిన సొమ్ము మాత్రము లేదు.

దీనిని ఆలోచించుడి. ఆయన జీవించినంత కాలము ఆ లోటు బయటికి రాలేదు. సమాధి చేయబడిన తరువాతనే లెక్క లేచి మాటలాడెను.

అదే పట్టణములో టోడ్ లేన్ అను వీధియందు మరియొక సంగతి జరుగుచుండెను. 1844 డిసెంబరు 21వ తేదీన కొందరు పనివారు ఒక చిన్న కొట్టు తెరచిరి. వారు 28 మంది. మూలధనము 28 పౌండ్లు. పిండి, వెన్న, పంచదార, ఓటు ధాన్యపు పిండి, క్రొవ్వొత్తులు, ఇంతే వారి సరకు. వారి నియమములు కొద్దియే గాని గట్టివి: కల్తీ లేని సరకు, సరియైన తూకము, అప్పు లేని బేరము, సభ్యుడు ఒక్కనికి ఒక్క ఓటు. మూడు నెలలకొకసారి సభ్యులందరి యెదుట లెక్క చెప్పవలెను. లాభము వచ్చినచో ఎవరెంత సరకు కొనిరో ఆ లెక్క ప్రకారము పంచవలెను. ఆ లాభమును తీసికొనక కొట్టులోనే ఉంచుకొనువారికి అది పొదుపుగా పెరుగుచుండెను. నేడు లోకమంతట వ్యాపించియున్న సహకార సంఘములలో అనేకములు ఆ కొట్టునే తమకు మాదిరిగా చెప్పుకొనుచున్నవి.

ఆ తొలి సంవత్సరములలోనే కొట్టు మునిగిపోవుచున్నదని ఒక పుకారు పుట్టెను. పుకారు పుట్టినప్పుడు ఏమి జరుగునో కొంచెము వివరించుట మంచిది. ఏ పొదుపు సంస్థయు జనుల సొమ్మంతయు పెట్టెలో ఉంచుకొని కూర్చుండదు. కొంత సరకులోను, కొంత బాకీలలోను, కొంత పత్రములలోను ఉండును. దినదినపు అవసరమునకు తగినంతే చేతిలో ఉండును. పదిమంది అడిగిన ఇవ్వగలదు. అందరు ఒక్క దినముననే అడిగిన యెడల మంచి సంస్థ కూడ తడబడును. ముందు వెళ్లినవానికి దొరకును, వెనుకవానికి దొరకదను భయముచేత అందరు ముందుండవలెనని పరుగెత్తుదురు. ఆ పరుగే కొన్నిసార్లు కూల్చును.

రాచ్‌డేల్‌లో కూడ కొందరు అట్లే పరుగెత్తి తమ సొమ్ము తీసికొనిరి. అయితే ఒక స్త్రీ కదలలేదు. ఆ సంఘ చరిత్ర వ్రాసిన జార్జి జేకబ్ హోలియోక్ ఆమె సంగతి తెలిపియున్నాడు. తాను స్వయముగా చెల్లించినది ఒక్క షిల్లింగు మాత్రమే, మిగిలిన మొత్తమంతయు కొట్టు ఇచ్చిన లాభమే. మునిగినను అది తన సొమ్ముతోనే మునుగునని ఆమె భావము. ఆమె ధైర్యము గ్రుడ్డిది కాదు. తన సొమ్ము ఎట్లు వచ్చెనో, ఎంత వచ్చెనో ఆమెకు లెక్క తెలియును. లెక్క తెలిసినవారికి పుకారు తక్కువగా అంటును.

కొట్టు నిలిచెను. పొదుపు బ్యాంకు కూలిన ఆ కాలములో అనేకులు తమ చిన్న పొదుపులను కొట్టుకే తెచ్చిరి. 1848లో 140 మందిగా ఉన్న సభ్యులు 1850 నాటికి 600 అయిరి. చూడుడి, పుచ్చిపోయిన బ్యాంకు పెద్దమనుషుల పేర్ల నీడలో గౌరవముగా నడచెను. గట్టిగా ఉన్న కొట్టుమీదనే పుకారు పుట్టెను. ఏది గట్టిదో, ఏది పుచ్చినదో చెప్పగలిగినది మనిషి పేరు కాదు, జనుల మాట కాదు, తెరచియుంచిన పుస్తకమే.

4. ఆలస్యముగా నేర్చిన పాఠము

1861లో బ్రిటను ప్రభుత్వము తపాలా కార్యాలయములలో పొదుపు బ్యాంకు తెరచెను. అందలి ప్రతి పెన్నీకి ప్రభుత్వమే జవాబుదారి. మన దేశములో తపాలా పొదుపు బ్యాంకు 1882లో ఆరంభమాయెను. గ్రామములలో నేటికిని మనము ఎరిగినదే. 1863లో బ్రిటనులోని పాత పొదుపు బ్యాంకులకు మరియొక చట్టము కలిగెను. సొమ్ము పుచ్చుకొనునప్పుడును ఇచ్చునప్పుడును ఇద్దరికి తక్కువ కాకుండ ఉండవలెను. సంవత్సరమునకు ఒకసారియైనను డిపాజిటుదారుని పాస్ పుస్తకమును బ్యాంకు పద్దుతో సరిచూడవలెను. రూత్‌వెల్ పెట్టెకు మూడు తాళములు పెట్టినవారు 1810లోనే ఎరిగిన సంగతిని నేర్చుకొనుటకు చట్టమునకు 53 సంవత్సరములు పట్టెను. ఆ మధ్య ఎందరి కన్నీళ్లు కారెనో!

5. లేఖనము ఏమి చూపుచున్నది?

ఎజ్రా బబులోను నుండి యెరూషలేమునకు బయలుదేరునప్పుడు దారిలో శత్రుభయము ఉండెను. అయినను రాజును సైనికుల కొరకు అడుగుటకు సిగ్గుపడి, అహవా నది యొద్ద ఉపవాసముండి దేవుని వేడుకొనెను. ఇంత విశ్వాసముగల వాడు ఆ వెంటనే ఏమి చేసెను? త్రాసు తెప్పించెను. వెండి బంగారములను తూచి పన్నిద్దరు యాజకుల చేతికి అప్పగించెను. యెరూషలేము చేరిన తరువాత మందిరములో వాటిని మరల తూచిరి, తీసికొన్నవారు నలుగురు, బరువు అప్పుడే వ్రాయబడెను. సైనికులు లేకుండ ప్రయాణము చేయగలిగిన విశ్వాసము త్రాసు లేకుండ సొమ్ము అప్పగింపలేదు.

పౌలు కూడ యెరూషలేము బీదల కొరకు కూడిన చందాను ఒంటరిగా మోయలేదు. తీతుతో పాటు సంఘములు ఏర్పరచిన సహోదరుని, ఆ తరువాత మరియొకనిని పంపెను. ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికిని నిష్కళంకముగా ఉండవలెనని ఆయన కోరిక. అపొస్తలుడే ఇట్లు చేసినప్పుడు, నన్ను లెక్క అడుగవద్దని చెప్పుటకు మనలో ఎవరికి హక్కు?

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: యోవాషు కాలములో మందిరము బాగుచేయించిన వారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని వ్రాయబడియున్నది గదా? నిజమే. అయితే అదే అధ్యాయములో అయిదు వచనముల పైన చూడుడి. పెట్టె నిండినప్పుడు రాజుగారి లేఖకుడును ప్రధాన యాజకుడును, ఇద్దరును కలిసి, సొమ్ము లెక్కించి సంచులలో కట్టిరి. లెక్క ముందుగానే ఇద్దరి యెదుట జరిగెను. ఆ తరువాతనే నమ్మి పనివారికి ఇచ్చిరి.

6. మన సంఘములకు

సహోదరులారా, సహోదరీలారా, మన సంఘములలో కోశాధికారులుగా ఉన్నవారిలో అనేకులు యథార్థవంతులు. రాత్రివేళ దీపము దగ్గర కూర్చుండి కానుకలు లెక్కించి, చిల్లర తక్కువైతే తమ జేబులోనిది వేయువారు కూడ ఉన్నారు. అట్టివారిని లెక్క అడుగుట అవమానమని మనము తలంచుచున్నాము. అడుగకపోవుటయే వారికి అపకారము. పుకారు పుట్టిన దినమున వారి నిర్దోషత్వమును చూపునది మూడు సంతకముల కాగితమే. ఇక బలహీనుడైతే, కూతురి పెండ్లికనియు, పంటకు పెట్టుబడికనియు మొదటిసారి వంద రూపాయలు వాడుకొని, వచ్చే నెల వేయుదునని తలంచును. ఆ నెలలోనే ఎవరైనను పుస్తకము చూచియుండిన యెడల, వంద రూపాయల దగ్గరనే అతడు ఆగిపోవును. ఎవరును చూడనందున వంద వేయియై, వేయి లక్షయై, చివరకు అతని భార్యాబిడ్డలు ఊరిలో తలయెత్తుకొనలేని గతి పట్టును. రాచ్‌డేల్ సమాధి మనకు చెప్పుచున్నది ఇదియే.

కావున కానుకలను ఇద్దరు కలిసి లెక్కించి, అక్కడికక్కడే వ్రాసి, ఇద్దరును సంతకము చేయుదురు గాక. పిడికెడు బియ్యము అమ్మిన సొమ్ముకును రశీదు ఉండవలెను. మూడు నెలలకొకసారి లెక్కను సంఘము యెదుట చదువవలెను. చదువురానివారికి అర్థమగునట్లు నోటితో చెప్పవలెను. స్త్రీల పొదుపు సంఘములలో ప్రతివారు తమ పుస్తకమును సంఘ పద్దుతో సరిచూచుకొనవలెను.

ఇంకొక మాట. మన దేశములో బ్యాంకు డిపాజిట్లకు 1962 నుండి బీమా కలదు. 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారునికి 5 లక్షల రూపాయల వరకు అది వర్తించుచున్నది. చిట్టీలకు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో ఉంచిన సొమ్ముకు ఆ బీమా లేదు. ఎక్కడ పెట్టుచున్నామో తెలిసి పెట్టుదము. పుకారు విన్నప్పుడు దానిని పొరుగింటికి మోసికొనిపోక, ముందు వెళ్లి పుస్తకము అడుగుదము. పుకారు మోయుట సులభము, పుస్తకము అడుగుట కష్టము. అయితే పొరుగువాని మేలు ఆ కష్టములోనే ఉన్నది.

ఆలోచనకు ప్రశ్నలు

1. మీ సంఘపు పెట్టెకు ఎన్ని తాళములు? తాళపు చెవులు ఎవరెవరి యొద్ద ఉన్నవి?

2. గడచిన సంవత్సరములో సంఘ లెక్కలు ఎన్నిసార్లు అందరి యెదుట చదువబడెను?

3. ఎజ్రా విశ్వాసమునకును అతని త్రాసునకును విరోధమున్నదా? మీ మాటలలో చెప్పుడి.

4. ఒక మంచి మనిషిని లెక్క అడుగవలసి వచ్చినప్పుడు అతని మనస్సు నొవ్వకుండ ఎట్లు అడుగుదురు?