గడపకు చేరవలసిన దాసోహము

బసవ పురాణములోని గొడగూచి కథ మన ఇండ్లలోని బాలబాలికలకు సయితము తెలిసినదే. తండ్రి పొరుగూరికి పోవుచు, దినదినము శివునకు పాలు కొనిపోవు పనిని పసిదగు కూతునకు అప్పగించెను. ఆమె పాలను లింగమూర్తి యెదుట ఉంచినది. పాలు ఉంచినవి ఉంచినట్లే యున్నవి. పెద్దవారెవరైనను నైవేద్యము ముగిసినదని మరలి వచ్చియుందురు. ఆ బిడ్డ మరలి రాలేదు. ఏల త్రాగవని అడిగినది, బుజ్జగించినది, ఏడ్చినది, త్రాగువరకు అచ్చట నుండి కదలలేదు. ఈ కథను ముగ్ధభక్తికి ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. ఈ పాఠమున దానిని మరియొక పనికి, అనగా కదలలేని వృద్ధుల ఇంటికి భోజనము కొనిపోవు పనికి అన్వయించి చూడ దలచితిని.

గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో ఈ పని అవసరము ఎట్టిదో ఇచ్చటి వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1960 దశకము నుండి ఇచ్చటి గనులకు నలుదిక్కుల నుండి జనులు వచ్చి చేరిరి. 1990 ప్రాంతమున సింగరేణి సంస్థలో కార్మికుల సంఖ్య 1,00,000కు పైబడి యుండెను. అది నేడు 40,000 ప్రాంతమునకు తగ్గినది. తగ్గిన వారిలో పలువురు ఈ పట్టణమందే వృద్ధులై యున్నారు. ఉద్యోగ విరమణతో కంపెనీ క్వార్టరు విడువవలసి వచ్చును. సొంత ఇల్లు కట్టుకొనలేనివారు అద్దె గదులలో చేరుదురు. బిడ్డలు హైదరాబాదుకో అంతకన్న దూరమునకో పోయియుందురు. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకములో ధరలు పెరిగినకొలది పెరుగు కరువుభత్యము లేదు. భర్త గతించిన పిమ్మట భార్యకు అందునది అందులో కొంత భాగమే.

అయితే డబ్బు లేమి ఒక్కటే కారణమనుకొనరాదు. గని కార్మికుని ఇల్లాలు నలుబది ఏండ్లు షిఫ్టును బట్టి వంట చేసినది. ఉదయము 7 గంటల షిఫ్టునకు తెల్లవారకముందే సద్ది కట్టవలెను. రాత్రి షిఫ్టు ముగించి వచ్చువానికి పొద్దున వేడినీళ్లు, వేడి అన్నము సిద్ధముగా నుండవలెను. ఆమె ఆకలికి గడియారము ఆ షిఫ్టే. అతడు పోయిన పిమ్మట ఆ గడియారము ఆగిపోవును. "ఒక్కదానికి పొయ్యెందుకు బిడ్డా" అను మాట ఈ వాడలలో నేను పలుమార్లు విన్నాను. ఉదయపు టీ, మధ్యాహ్నము నిన్నటి అన్నము, రాత్రి ఏమియు లేదు. ఇది పస్తు కాదని ఆమె అనుకొనును, మనమును అనుకొందుము.

మనము అన్నదానము చేయుట లేదా యని కొందరు అడుగవచ్చును. చేయుచున్నాము. శివరాత్రికి, బసవ జయంతికి బంతులు తీర్చి వడ్డించుచున్నాము. కాని బంతికి వచ్చి కూర్చుండగలవాడే అచ్చట తినును. మోకాళ్లు పట్టినవాడు, చూపు తగ్గినవాడు, మంచము దిగలేనివాడు ఆ బంతిలో ఎన్నడును లెక్కకు రాడు. దాసోహమునకు మొదటి హక్కుదారు అతడే యని నా అభిప్రాయము.

అన్యదేశములలో ఈ పని ఎట్లు ఆరంభమైనదో కొంచెము తెలిసికొనుట మేలు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943లో, ఇంగ్లండులోని హెమెల్ హెంప్‌స్టెడ్ పట్టణమున స్త్రీ స్వచ్ఛంద సేవకురాండ్రు వృద్ధుల ఇండ్లకు భోజనములు చేర్చిరి. ఆస్ట్రేలియాలో డోరిస్ టేలర్ అను వనిత ఇట్టి సంస్థను 1953లో స్థాపించెను. ఆమె తానే చక్రముల కుర్చీ విడువలేని వికలాంగురాలు. 1954లో పోర్ట్ అడిలైడ్ వంటశాల నుండి మొదటి దినమున భోజనము అందినది ఎనిమిది మందికి మాత్రమే. మన హైదరాబాదులోను 2020 మార్చిలో నగరపాలక సంస్థ అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనమును వృద్ధుల, వికలాంగుల ఇండ్లకే చేర్చుటకు వాహనములను నడపసాగెను.

వీటన్నిటికంటె మనకు పాఠము చెప్పునది 2015లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధన. బ్రౌన్ విశ్వవిద్యాలయము వారు ఎనిమిది ప్రాంతములలో, భోజనము కొరకు పేరు నమోదు చేసికొని వేచియున్న 626 మంది వృద్ధులను మూడు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు దినదినము మనిషి వెళ్లి వేడి భోజనము ఇచ్చెను. రెండవ వర్గమునకు వారమునకు సరిపడు గడ్డకట్టించిన భోజనములు ఒక్కసారే పంపిరి. మూడవ వర్గము వేచియే యుండెను. 15 వారముల పిమ్మట చూడగా, దినదినము మనిషి వచ్చిన వర్గమువారిలో ఒంటరితనము, దిగులు తగ్గుట ఎక్కువగా కనబడినది. రెండవ వర్గమునకు కూడ అన్నము అందినది గదా! తేడా యెల్ల తలుపు తట్టిన మనిషిలోనే యున్నది.

ఈ తత్త్వమును నేను పుస్తకమున చదువుటకు ముందే నా తప్పు వలన నేర్చుకొంటిని. మా వీధిలో కోల్ ఫిల్లరుగా పనిచేసి గతించిన ఒకరి భార్య ఒంటిగా ఉండెడిది. నాలుగు కుటుంబముల వారము వంతులు వేసికొని ఆమెకు మధ్యాహ్న భోజనము పంపెడివారము. ఒకనాడు నా వంతు. తలుపు మూసియున్నది, రెండు మారులు పిలిచితిని, బదులు లేదు. నిద్రించుచున్నదని తలచి క్యారియరును గొళ్లెమునకు తగిలించి వచ్చితిని. మరునాడు పోయిన వారికి ఆ క్యారియరు అక్కడే యుండెను, చీమలు పట్టియుండెను. ఆమె లోపల జ్వరముతో లేవలేక పడియున్నది. కోలుకొన్న పిమ్మట నాతో అన్నది: "నీ చెప్పుల సప్పుడు ఇన్న బిడ్డా, పిలుద్దమంటె గొంతు లేవలె." భోజనము చేర్చినాననియే నేను ఆనాడు ఇంట చెప్పుకొంటిని. గొడగూచి అట్లు చెప్పుకొనలేదు.

ఇక పని విషయము. పెద్ద వంటశాల, వాహనము, చందాలు అని ఆరంభించిన పనులు మూడు నెలలకే ఆగుట మనము చూచినదే. ఒక వృద్ధునకు నాలుగైదు ఇండ్లు చాలును. ఇంట వండినదానిలోనే ఒక పాలు తీయవలెను. ప్రత్యేకముగా వండినచో ఆ ఇల్లాలికి అది బరువై, త్వరలో విసుగు కలుగును. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము తేగా లక్కమ్మ మరల అక్కడనే పోసి రమ్మని పంపిన కథను తలచుకొనుడు. పెట్టెడు పెట్టి పంపిన అన్నము రాత్రికి, మరునాటికి మిగులును, అదియే కీడు. వండిన అన్నము వేడి తగ్గి రెండు గంటలు దాటినచో, వాసన రాకున్నను, అందు విషము పుట్టవచ్చును. రామగుండము ఎండలలో ఈ జాగ్రత్త రెండింతలు కావలెను. మే నెలలో 11 గంటలలోపే చేర్చుట మంచిది, మోయువానికి కూడ.

ఏమి పంపవలెను? పండ్లు లేని నోటికి మెత్తనిది కావలెను. పెసరపప్పు, మెత్తగా ఉడికిన కూర, పెరుగన్నము, జొన్న గటక, రాగి అంబలి మంచివి. వయసు మీరినకొలది కండ కరుగును గనుక మాంసకృత్తులు తగ్గరాదు. పెద్దలకు శరీరపు బరువులో కిలోకు 0.83 గ్రాములు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచుండగా, వృద్ధులకు 1 గ్రాము మొదలు 1.2 వరకు ఉండుట మేలని పలువురు వైద్యుల మతము. మన వంటింట గ్రుడ్డు, మాంసము ఉండవు గనుక లెక్క వేసికొనవలెను. 100 గ్రాముల బియ్యమున 7, 40 గ్రాముల పప్పున 9, గిన్నెడు పెరుగున 5, రెండు చెంచాల పల్లీపొడిలో 4, వెరసి ఒక పూటకు సుమారు 25 గ్రాములు. 50 కిలోల మనిషికి దినపు అవసరములో ఇది సగము. ఉత్త అన్నము, పచ్చిపులుసు పంపినచో కడుపు నిండును గాని కండ నిలువదు. రక్తపోటు గలవారికి ఉప్పు తగ్గింపవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారి విషయమున వైద్యుని అడుగక పప్పు పెంచరాదు. వృద్ధులకు దప్పిక తెలియుట తగ్గును గనుక, మనము కూర్చున్నప్పుడే ఒక గ్లాసు నీళ్లు త్రాగించవలెను.

కూర్చుండుట ముఖ్యమని మరల చెప్పుచున్నాను. పావుగంట చాలును. క్యారియరు విప్పి వడ్డింపవలెను, మొదటి ముద్ద తినువరకు ఉండవలెను. కొందరు పెద్దలు ఇష్టలింగ పూజ కానిది ముద్ద ముట్టరు. వారి పూజా సమయము అడిగి తెలిసికొని వెళ్లవలెను. మరలి వచ్చిన గిన్నెను చూడవలెను. రెండు దినములు వరుసగా సగము మిగిలినచో కూర బాగులేదనుకొని ఊరకుండరాదు. పుండైన చిగురో, క్రొత్త మందో, దిగులో కారణమై యుండును.

ఎవరికి పంపవలెనన్న ప్రశ్నకు కులము, శాఖ అడ్డురాకూడదని బసవేశ్వరుని అనుయాయులకు చెప్పవలసిన పని లేదు. అసలు చిక్కు వేరొకటి. ఒడలు వంచి బ్రతికినవాడు ఊరక తినుటకు సిగ్గుపడును. కాయకమును పూజగా చెప్పుకొను మనము ఆ సిగ్గును గౌరవింపవలెను. ఆకుకూర వలిచి ఇచ్చుట, బియ్యములో రాళ్లు ఏరి పెట్టుట, పిల్లలకు ఒక పాఠము చదివించుట, ఏదైనను చేయగలిగినది వారి నుండి గైకొనుడు. నెలకు కొంత ఇచ్చెదమన్నచో వలదనకుడు. పై దేశములలోను అనేకచోట్ల తినువారు కొంత చెల్లింతురు.

మొదలు పెట్టువారు యైటింక్లయిన్ కాలనీలోనో మార్కండేయ కాలనీలోనో తమ వీధిలో ఒక్క ఇంటిని ఎన్నుకొందురు గాక. మొదటి దినముననే మూడు సంగతులు వ్రాసికొనవలెను: మారుతాళపుచెవి ఏ పొరుగింట నున్నది, బిడ్డల ఫోను సంఖ్య ఏది, ఏ మందులు వాడుచున్నారు. ఆ కాగితము ఒకటి ప్రతి వంతుదారుని వద్దను, ఒకటి ఆ ఇంటి తలుపు వెనుకను ఉండవలెను. తలుపు తెరువనినాడు క్యారియరు గొళ్లెమునకు తగిలింపరాదు. పొరుగింటి నుండి తాళపుచెవి తెచ్చుకొని, పొరుగువారిని వెంటబెట్టుకొని లోపలికి పోవలెను.